చూసేవి తగ్గించండి, పిల్లలకు పని పెంచండి: సెలవుల ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు

దసరా సెలవులు దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లలతో ప్రయాణాల గురించే ఉన్నాయి. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కనుక, ఒకదానితో ఒకటి కలిసే ప్రశ్నలను కొన్ని ఎంచుకున్నాము.

ప్రశ్న: మాకు పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. పోయిన వేసవిలో మావారు ఐదు రోజులు సెలవు పెట్టి బెంగుళూరు, మైసూరు, ఊటీ తిప్పి తీసుకువచ్చారు. ఖర్చు బాగానే అయింది. తిరిగి వచ్చాక ఏం చూశారర్రా అని మా అత్తగారు అడిగితే, బాబు హోటల్లో ఈతకొలను అన్నాడు, పాప లిఫ్టు అంది. ఈ దసరాకు మూడు రోజులు దొరుకుతాయి. ఎక్కడికి తీసుకువెళ్ళినా వీళ్ళకు ఒకటే, ఇంట్లోనే ఉందాం అంటున్నారు మావారు. పిల్లలు సంతోషించేటట్టు, కాస్త తెలుసుకునేటట్టు ఎక్కడికి వెళ్ళాలి?
(పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: మీ పిల్లల సమాధానంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఆ ఐదు రోజుల్లో వాళ్ళు స్వయంగా చేయగలిగిన పనులు బహుశా ఆ రెండే అయి ఉంటాయి. రాజభవనంలో దేనిమీదా చేయి వేయకూడదు, తోటలో గడ్డి తొక్కకూడదు, కారులో అల్లరి చేయకూడదు, పిలిచినప్పుడు దిగి ఫొటోకు నిలబడి మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. కొలనులో మాత్రం దిగవచ్చు, లిఫ్టులో మాత్రం మీట తామే నొక్కవచ్చు. పెద్దవాళ్ళకు ఊరికే చూడటంలోనే సంతోషం ఉంటుంది. పిల్లలకు చేతికి పని దొరికితేగాని కంటికి ఏదీ ఆనదు. అందువల్ల ఎక్కడికి వెళ్ళాలన్న దానికంటే, వెళ్ళినచోట వాళ్ళకు ఏం పని ఉంటుందన్నది ముందు తేల్చుకోండి. పైగా ఐదు రోజులకు మూడు ఊళ్ళంటే సగం కాలం దారిలోనే పోతుంది.

మీరు విజయవాడలో ఉన్నారు కనుక, కృష్ణ వెంట ఎగువకు వెళ్ళమని నా సలహా. మొదటి రోజు ఊళ్ళోనే గడపండి. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి నడిచి వెళ్ళి, ఒకవైపు అంచులదాకా నిలిచిన నీటిని, రెండోవైపు ఇసుకమేటల మధ్య పాయలుగా విడిపోయే ఏటిని పిల్లలకు చూపించండి. ఇది 1957లో పూర్తయిన కట్టడమనీ, 1855 నాటికే ఇక్కడ ఒక ఆనకట్ట ఉండేదనీ, అది 1952లో తెగిపోవడంతో దీన్ని కట్టవలసి వచ్చిందనీ వాళ్ళకు చెప్పవచ్చు. అయితే చెప్పడానికి ముందు, గేట్లు లెక్కపెట్టమని బాబుకు పురమాయించండి. డెబ్భై రావాలి. మధ్యలో లెక్క తప్పితే వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెడతాడు; ఆ సరికి బ్యారేజీ ఎంత పొడవో ఎవరూ చెప్పకుండానే వాడి కాళ్ళకు తెలిసిపోతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరేది ఇక్కడి నీటితోనే. రోజూ బడికి వెళ్తూ దాటే కాలువ ఎక్కడినుంచి వస్తున్నదో కళ్ళారా చూడటం పిల్లలకు చిన్న సంగతి కాదు. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల కాలు పెట్టడానికి చోటు ఉండదు కాబట్టి, మూలా నక్షత్రం రోజును మాత్రం తప్పించుకోండి.

అటునుంచి అటే ఉండవల్లి వెళ్ళవచ్చు. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహాలయం అది. క్రీస్తుశకం నాలుగో, ఐదో శతాబ్దం నాటిదని చెబుతారు. లోపల పడుకుని ఉన్న అనంతశయనమూర్తి పక్కన, తల దగ్గరనుంచి పాదాల దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి విగ్రహం పొడవు కొలవమనండి. పాప అడుగులకు ఒక లెక్క వస్తుంది, బాబు అడుగులకు ఇంకొక లెక్క వస్తుంది. ఎవరిది సరైనదన్న తగువు ఇల్లు చేరేదాకా సాగుతుంది, సాగనివ్వండి. శిల్పులు కొండను పైనుంచి కిందికి తొలిచారా, కిందినుంచి పైకి తొలిచారా అని అడిగి, జవాబు మీరు చెప్పకుండా ఊరుకోండి.

మిగిలిన రెండు రోజులూ నాగార్జునసాగర్‌కు ఇవ్వండి. గుంటూరు, నరసరావుపేట, మాచర్ల మీదుగా వెళ్ళి విజయపురి సౌత్‌లో ఒక రాత్రి ఉండవచ్చు. ఆనకట్ట గురించి పిల్లలకు కథలాగా చెప్పడానికి చాలా ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. నీరు చేరితే లోయంతా మునిగిపోతుందని ముందే తెలుసు కనుక, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలను వెలికితీసి, కొన్ని కట్టడాలను కొండమీద, మరికొన్నింటిని అనుపులో తిరిగి నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు చుట్టూ నీళ్ళతో దీవిగా మిగిలిన నాగార్జునకొండ. లాంచీ కదిలాక, "మన కింద ఒక నగరం ఉండేది" అని మాత్రం అనండి. ఆ తరువాత బాబు ఫోను అడగడు. లాంచీ అంచున నిలబడి నీళ్ళలోకి చూస్తూ ఉంటాడు. చొక్కా పట్టుకోవడం మాత్రం మీ పని.

దీవిమీద మ్యూజియంలో అన్నీ చూపించాలని తాపత్రయపడకండి. తలా ఒక్క రాయి ఎంచుకొమ్మని చెప్పి, ఎంచుకున్న దాని ముందు పది నిమిషాలు కూర్చోనివ్వండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి మీద ఇక్ష్వాకుల నాటి శిల్పులు ఇసుక వేస్తే రాలనంత మందిని చెక్కారు. ఎవరి జుట్టు ఎలా ముడివేసి ఉంది, ఎవరి కాళ్ళకు ఎన్ని కడియాలు ఉన్నాయి, ఎవరు పక్కవాళ్ళతో మాట్లాడుతున్నారు అని వెతుకుతుంటే పాపకు కాలం తెలియదు. సిద్ధార్థుడు గుర్రమెక్కి ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టం ఎక్కడైనా కనిపిస్తే, గుర్రం కాళ్ళ దగ్గర ఎవరున్నారో చూడమనండి. నగరంలో ఎవరూ మేలుకోకుండా, డెక్కల చప్పుడు వినబడకుండా యక్షులు ఆ గుర్రపు కాళ్ళను చేతులతో పట్టుకున్నారని బౌద్ధుల కథ. ఆరేళ్ళ పిల్లకు బుద్ధుడి గురించి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

అనుపులో రాతిమెట్ల రంగస్థలం ఉంది. బాబును మధ్యలో నిలబెట్టి మామూలు గొంతుతో పద్యమో ఎక్కమో చెప్పమని, పాపను పై మెట్టుమీద కూర్చోబెట్టి ఎంతవరకు వినబడుతుందో పరీక్షించమనండి. ఎత్తిపోతల కూడా దగ్గరే. చంద్రవంక వాగు సుమారు డెబ్భై అడుగుల ఎత్తునుంచి దూకే చోటు అది. తీరిక ఉంటే చూడండి, లేకపోతే మానండి. గాలివాన ఉంటే లాంచీలు నడపరు, మ్యూజియానికి వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది. ఈ రెండూ బయలుదేరే ముందే కనుక్కోకపోతే రేవు దాకా వెళ్ళి తిరిగి రావలసి ఉంటుంది.

చిరుతిళ్ళకు, సోడాలకు రోజుకు ఇంత అని డబ్బు బాబు చేతికిచ్చి లెక్క వాణ్ణే రాసుకోమనండి. మొక్కజొన్న కండె ఎంతకు బేరమాడాలో వాడే నేర్చుకుంటాడు, మిగిలినది వాడిదే అంటే అడిగిందల్లా కొనడం కూడా తగ్గుతుంది. టికెట్లన్నీ పాప సంచిలో ఉండాలి. తనిఖీ దగ్గర ఆమే తీసి ఇవ్వాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలు ఎవరూ ఎక్కడికీ కదలకండి. ఇంకొక సంగతి, మీరు అడగకపోయినా చెబుతున్నాను: మీ ఉత్తరంలో మావారు, అత్తగారు, పిల్లలు అందరూ ఉన్నారు గాని, ఆ ఐదు రోజులూ మీకు ఎలా గడిచాయో ఒక్క ముక్క లేదు. పెట్టెలు సర్దడం, విప్పడం, తడిబట్టలు ఆరవేయడం మూడు రోజులూ మీ వంతే అయితే అది పిల్లలకు సెలవే గాని మీకు కాదు. పెట్టె సర్దే పని ఈసారి తండ్రీకొడుకులకు అప్పగించండి. వాళ్ళు మరచిపోయిన వస్తువు మాచర్లలో దొరుకుతుంది.

ప్రశ్న: నేను ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు ఐదో తరగతి, ఒకరు ఎనిమిది. బళ్ళో తోటివాళ్ళు కాశ్మీరు, దుబాయి అని చెప్పుకుంటుంటే మా పిల్లలు చిన్నబుచ్చుకుంటున్నారు. అప్పు చేసయినా ఒక్కసారి ఎక్కడికైనా తీసుకువెళ్ళడం మంచిదేమో చెప్పండి.
(పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అప్పు చేయకండి. ఫొటోలు చూడటం మానేసిన తరువాత కూడా వాయిదాలు కడుతూనే ఉండవలసి వస్తుంది, ఆ చిరాకు చివరికి పిల్లలమీదే పడుతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయికి ఇంటి రాబడి దాచవలసిన రహస్యం కాదు. మీరు లెక్కలు రాసే మనిషి కదా, ఒక కాగితం ముందు పెట్టుకుని, ఈ ఏడాది సెలవులకు మన దగ్గర ఇంత ఉంది, దీంతో ఏం చేద్దాం అని ఇద్దరినీ అడగండి. తామే ఎంచుకున్న ప్రయాణం ఎంత చిన్నదైనా పిల్లలు దాన్ని తక్కువగా చెప్పుకోరు.

గుంటూరుకు కూతవేటు దూరంలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. సంక్రాంతి సెలవుల్లో, ఎండ ఎక్కకముందే చేరుకోండి. మొత్తం చెరువును చూసి గబగబా తిరిగి రాకుండా ఒక్క చెట్టును ఎంచుకుని అరగంట దాని ముందే కూర్చోండి. గూడబాతు మేత తెచ్చి వాలగానే, పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకు తల్లే దాన్ని మింగేస్తున్నదేమో అనిపిస్తుంది. మెడదాకా లోపలికి వెళ్ళి, తిన్నంత తిని, తల విదిలించుకుంటూ అది బయటపడేసరికి మీ చిన్నమ్మాయి ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. ఏ గూటికి ఎన్నిసార్లు మేత వచ్చిందో ఒకరు, ఏ గూటిలో కొట్లాట ఎక్కువగా ఉందో ఇంకొకరు రాసుకుంటే, తిరుగు ప్రయాణంలో మాటలకు కొదవ ఉండదు.

మరొక రోజు కొండపల్లి వెళ్ళండి. ఖిల్లా ఎక్కడం ఆరోగ్యానికి మంచిదేగాని, నా ఓటు బొమ్మలు చేసే వీధికి. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటేగాని తెలియదు. ఏనుగు ఒళ్ళు ఒక ముక్క, తొండం ఒక ముక్క, చెవులు వేరే ముక్కలు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికించి, అతుకు కనబడకుండా అదే మక్కుతో నున్నగా పూడుస్తారు. రంగులు ఆ తరువాతి మాట. పనివాళ్ళను విసిగించకుండా అడిగితే చాలామంది సంతోషంగానే చూపిస్తారు, చూపించినందుకు ఒక చిన్న బొమ్మయినా కొనడం మర్యాద. అంగట్లో ఉన్న ఏనుగును చూసి వచ్చిన పిల్లకు బళ్ళో చెప్పడానికి ఏమీ ఉండదు గాని, తొండం ఎలా అతుకుతారో చూసి వచ్చిన పిల్ల చెప్పడం మొదలుపెడితే దుబాయి వెళ్ళివచ్చిన పిల్ల కూడా వింటుంది.

రాకపోకల ఖర్చు కూడా అంత ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డులు మరచిపోకండి. మీ ఇంట్లో ముగ్గురికి సున్నా టికెట్టు, మీ ఒక్కరికే డబ్బులు. ఈ మాట మీ అమ్మాయిలు బస్సు దిగేవరకు మీకు గుర్తుచేస్తూనే ఉంటారు.

ప్రశ్న: ప్రయాణంలో పిల్లల దగ్గరనుంచి ఫోను పూర్తిగా లాగేసుకోవచ్చునా? మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు.
(పాఠకురాలు, మంగళగిరి)

జవాబు: మీ దంపతుల ఫోన్లు కూడా అదే సంచిలో పడేటట్టయితే తప్పకుండా. కాకపోతే వద్దు. తండ్రి ఆఫీసు కబుర్లు మాట్లాడుకుంటూ, తల్లి బంధువులకు ఫొటోలు పంపుకుంటూ కొడుకును ప్రకృతిని చూడమంటే ఏ పద్నాలుగేళ్ళవాడూ చూడడు. ఇంటిల్లిపాదికీ ఒక్క ఫోను బయట ఉంచి, దారి చూడటం, గది వాళ్ళతో మాట్లాడటం, ఫొటోలు తీయడం ఆ రోజుకు మీ అబ్బాయి బాధ్యత చేయండి. రోజుకు పది ఫొటోలకు మించకూడదన్న నియమం పెడితే, ఏది తీయాలి, ఏది మానాలి అని వాడు చుట్టూ చూడవలసి వస్తుంది.

ప్రశ్న: మా అమ్మా నాన్నలకు గుళ్ళు కావాలి, పిల్లలకు నీళ్ళు కావాలి. ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒకరు మొహం ముడుచుకుంటారు. ఇద్దరికీ సరిపడే చోటు దగ్గరలో ఏదైనా ఉందా?
(పాఠకుడు, తెనాలి)

జవాబు: మీకు బాపట్ల ఉండగా వెతుక్కోవడం ఎందుకు? ఆ ఊరికి పేరు తెచ్చిన భావనారాయణస్వామి ఆలయం ఊళ్ళోనే ఉంది, సూర్యలంక తీరం అక్కడికి పది కిలోమీటర్ల లోపే. తెల్లవారుజామున బయలుదేరి, చల్లటి పూట సముద్రం పిల్లలకు ఇచ్చి, స్నానాలయ్యాక దర్శనం పెద్దవాళ్ళకు ఇవ్వండి. వరుస మారిస్తే గుళ్ళో ఉన్నంతసేపూ పిల్లలు సముద్రం ఎప్పుడని చంపుకుతింటారు. పిల్లలను మోకాలిలోతు దాటనివ్వకండి. అల వెనక్కి తీసేటప్పుడు పాదాల కింది ఇసుక ఎలా జారిపోతుందో నిలబెట్టి చూపిస్తే, ఆ నియమం ఎందుకో వాళ్ళకే అర్థమవుతుంది. ఒక పెద్దమనిషి ఒడ్డున కాక నీళ్ళలోనే, పిల్లలకన్నా లోతువైపు నిలబడాలి.

మీ నాన్నగారిని గుడికి తోడుగా మాత్రమే తీసుకువెళ్ళకండి. తెనాలి ప్రాంతంలో అరవై దాటిన వాళ్ళకు 1977 నవంబరు ఉప్పెన గుర్తుండకుండా ఉండదు. దివిసీమను ముంచిన ఆ రాత్రి తాము ఎక్కడ ఉన్నారో, ఇంటి పైకప్పు ఏమయిందో, తెల్లవారి ఏం చూశారో, ఆ సముద్రం ఎదుట కూర్చుని తాతయ్య చెబితే పిల్లలు వినే తీరు వేరు. మరీ చిన్నపిల్లలకు అక్కరలేదు. పదేళ్ళు దాటినవాళ్ళకు ఇలాంటివి తప్పకుండా చెప్పాలని నా అభిప్రాయం. మనం సంతోషంగా గడపడానికి వచ్చాము, ఈ గోల ఎందుకు అని మీరు మధ్యలో అడ్డుపడకండి.

ప్రశ్న: ప్రయాణంలో రోజూ రాత్రి రెండు పేజీలు రాయించే అలవాటు పెట్టాను. తొమ్మిదేళ్ళ మా బాబు ఏడుస్తూ రాస్తున్నాడు. నేను టీచరును, మానడానికి మనసొప్పడం లేదు.
(పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: మానేయండి. ఏడుస్తూ రాసినదాన్ని వాడు మళ్ళీ తెరిచి చూడడు, వచ్చే ఏడాది ప్రయాణమంటేనే భయపడతాడు. ఒక నోటుపుస్తకం, జిగురు సీసా ఇచ్చి బస్సు టికెట్టు, ఆకు, బిస్కెట్టు కాగితం ఏది అతికించుకుంటే అది అతికించుకోనివ్వండి. రాయించాలనే ఉంటే, ఆ ఊరి పోస్టాఫీసులో ఒక కార్డు కొని అమ్మమ్మకు నాలుగు వాక్యాలు రాయించి డబ్బాలో వేయించండి. తప్పులు దిద్దకండి.

ప్రశ్న: మా నాలుగేళ్ళ పాపకు కారు ఎక్కితే చాలు, వాంతులు. డిసెంబరులో అరకు వెళ్ళాలని ఉంది. వెళ్ళవచ్చునా, వాయిదా వేసుకోవాలా?
(పాఠకురాలు, పొన్నూరు)

జవాబు: వెళ్ళండి, కాని కారులో వద్దు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మలుపులు పెద్దవాళ్ళకే కడుపులో తిప్పుతాయి. విశాఖపట్నం దాకా రైలులో వెళ్ళి, అక్కడినుంచి పొద్దున బయలుదేరే కిరండూలు రైలు ఎక్కితే బొర్రా గుహల మీదుగా అరకు చేరుకోవచ్చు. దారి పొడవునా సొరంగాలే. చీకటి పడ్డప్పుడల్లా వేలు మడవమని పాపకు చెబితే రెండు చేతులూ చాలవు. రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, డిసెంబరు చివరి వారానికి త్వరగా నిండిపోతాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రత్యేకంగా బెర్తు అడగకపోతే టికెట్టు అక్కరలేదు. ఐదు నుంచి పన్నెండేళ్ళలోపు వారికి బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ.

ఎక్కడైనా కారు తప్పకపోతే నూనె వస్తువులు, పాలు పెట్టకుండా బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. కదిలే బండిలో బొమ్మల పుస్తకం, ఫోను ఇవ్వకుండా కిటికీలోంచి దూరంగా ఉన్న కొండనో చెట్టునో చూడనివ్వండి. మందు వాడాలనుకుంటే మీ పిల్లల డాక్టరును అడిగి మోతాదు రాయించుకోండి, పెద్దలకిచ్చే మాత్ర విరిచి వేయకండి. వాంతులు ఎక్కువైతే ఓఆర్ఎస్ పొట్లాం కలిపి కొద్దికొద్దిగా పట్టండి. అది దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలపవచ్చు. పాపకు రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు చేతిసంచిలోనే ఉంచుకోండి. అరకులో డిసెంబరు చలి మన గుంటూరు జిల్లావాళ్ళు ఊహించుకునే దానికన్నా ఎక్కువ కనుక, స్వెట్టర్లు పెట్టె అడుగున కాక పైన సర్దండి.